నాలిక కింద మాత్ర

తొమ్మిదిన్నరకి మా అన్న చేతిలోంచి చెక్ ట్రే జారి గుంటలో పడింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి పదయింది. మధ్యలో పోయిన అరగంటకి కారణం మా అన్న మొండితనం. ఆ తర్వాత జరిగినదానికి కారణం నేను. ఈ రెండో మాట ఇలా రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

చెక్ ట్రే అంటే వలగుడ్డ బిగించిన పళ్ళెం. రొయ్యలకి మేత చల్లినప్పుడు కొంచెం మేత అందులో పెట్టి తాడుతో నీళ్ళలోకి దించుతారు. కాసేపయ్యాక పైకి లాగి చూస్తే రొయ్య తిన్నదా, హుషారుగా ఉందా అన్నది తెలుస్తుంది. కోట ఊరి దగ్గర మా అన్నకి రెండు గుంటలున్నాయి. పాతికేళ్ళుగా ఆ ట్రేలు ఆయనే లాగుతాడు, ఇంకొకరిని తాడు ముట్టుకోనివ్వడు. అలాంటి చేతిలోంచి ట్రే జారింది. గుంట దగ్గర కాపలా ఉండే మనిషి "ఏందన్నా, ఏమయింది?" అని అడిగాడట. "తాడుకి పాచి పట్టుండాది, జారింది" అన్నాడట మా అన్న. రెండో ట్రేని ఎడమచేత్తో లాగాడట. మూడోది లాగబోయి గట్టు మీద కూలబడి, తల తిరగడం తగ్గినాక ఇంటికి పోదాంలే అని అక్కడే అరగంట కూర్చున్నాడట. 

అది శనివారం. ఇంకో రెండు రోజుల్లో రొయ్యల పట్టుబడి ఉందంటే, చూడ్డానికని నెల్లూరు నుంచి పొద్దున్నే కారు వేసుకుని వచ్చాను. వదినా నేనూ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. కాపలా మనిషి మోటారుసైకిలు మీద అన్నని తెచ్చి దించాడు. దిగుతూనే అన్న కుడికాలు ఈడ్చాడు. మూతి ఎడమపక్కకి లాగేసింది.

"నాలిక మందంగా ఉండాది పాపా" అన్నాడు.

మాట ముద్దగానే వచ్చినా అర్థమైంది. యాభై రెండేళ్ళొచ్చి, తల సగం నెరిసినా ఆ ఇంట్లో నేను పాపనే.

చూడగానే నాకు తెలిసిపోయింది. తెలియకపోతే నా చదువుకి సిగ్గుచేటు. మెదడుకి రక్తం ఆగిపోయినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ ఏం చేస్తుంది అన్నదే నా పరిశోధన. ఐదేళ్ళు ఎలకలతో కాపురం చేశాను. తర్వాత నెల్లూరులో డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్పుకుంటూ ఉండిపోయాను గానీ, మా అన్న మాత్రం నన్ను ఊళ్ళో అందరికీ "మా పాప, ఎలకల డాక్టరు" అనే పరిచయం చేస్తాడు. వేళాకోళంగా మొదలుపెట్టి, చివరికి "మెదడులో రక్తం గడ్డ కడితే ఏం జరగతాదో ఈ జిల్లాలో మా పాపకి తెలిసినంత ఎవరికీ తెలవదు" అని ముగిస్తాడు. ఆయన ముందు ఎవరూ కాదనలేరు.

నైట్రిక్ ఆక్సైడ్ ఒక వాయువు. మన ఒంట్లోనే పుడుతుంది, క్షణాల్లో మాయమవుతుంది. రక్తనాళం గోడలో పుడితే ఆ నాళాన్ని వదులు చేసి రక్తాన్ని పారనిస్తుంది. అదే వాయువు, రక్తం అందక అల్లాడిపోతున్న నరాల కణాల్లో మోతాదు మించి పుడితే, అక్కడే పుట్టే ఇంకో పదార్థంతో కలిసి విషమై ఆ కణాలనే చంపుతుంది. ఆ తర్వాత వాపుతో పాటు వచ్చిపడే కణాలు కూడా ఆ విషాన్నే పోస్తాయి. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్నదాన్ని బట్టి అదే కాపాడుతుంది, అదే ప్రాణం తీస్తుంది.

వైవాకి ముందు నేను హడలిపోతుంటే మా అన్న నన్ను గుంట గట్టు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పమన్నాడు. ఓపికగా విన్నాడు. విని, "కరెంటు పోయి గంట తర్వాత వస్తే మేం నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా వెయ్యం పాపా. అడుగు బురద లేస్తాది. గాలాడక చావని రొయ్య ఆ బురదకి చస్తాది. గాలి మంచిదే, వేళ తప్పితే చంపతాది. ఇదే గదా నువ్వు ఐదేళ్ళు చదివింది?" అన్నాడు. అదే. పదో తరగతి గట్టెక్కని మనిషి. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది.

అలాంటి మనిషి ఇప్పుడు వరండా అరుగు మీద, కుడిచెయ్యి తనది కానట్టు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. 

వదిన వాళ్ళన్నకి ఫోను చేసింది. ఆయన చెప్పేది నాకు కూడా వినపడుతోంది. చిట్టమూరు అవతల ఒక పల్లెలో పక్షవాతానికి ముక్కులో పసరు పోసే మనిషి ఉన్నాడట. సూది పడిన ఒంటికి పసరు ఎక్కదట. "ఆసుపత్రికి మాత్రం తీసకపోబాక. సూది ఏసినారంటే ఇంక ఆయన చెయ్యి పెట్టడు" అంటున్నాడు. వదిన నా వైపు చూసింది.

"ఫోను పెట్టెయ్ వదినా" అన్నాను. "పసరూ వద్దు, పాడూ వద్దు. గడ్డ కరిగించే సూది నెల్లూరులో ఉంది. నాలుగున్నర గంటల లోపల పడాలి. ఎంత తొందరగా పడితే అంత మెదడు మిగులుతుంది."

నా గొంతు ఎప్పుడూ కాస్త పెద్దదే. వదిన ఫోను పెట్టేసింది. 108కి చేస్తే బండి వేరే పేషెంటుతో పోయింది, అరగంట పైనే పడుతుందన్నారు. నా కారులోనే పోదామన్నాను. కారుకి అడ్డంగా మేత బస్తాల ట్రాక్టరు ఉంది. కాపలా మనిషి దాన్ని తీయడానికి పరుగెత్తాడు. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ నేను ఊరికే నిలబడి ఉంటే ఎంత బాగుండేది.

నీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను. ఫ్రిజ్ మీద వదిన మాత్రల పట్టీ కనపడింది. వదినకి గుండెనొప్పి. నొప్పి వచ్చినప్పుడు నాలిక కింద పెట్టుకోమని ఆమె డాక్టరు ఇచ్చిన మాత్రలవి. ఆ మాత్ర ఒంట్లోకి వెళ్ళి విడుదల చేసేది ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నైట్రిక్ ఆక్సైడే. ఇంకా మొదటి గంటే. మొదట్లో ఇస్తే అది కాపాడుతుంది. రక్తనాళాలు తెరుచుకుంటాయి, ఎండుతున్న చోటికి ఎంతో కొంత రక్తం వెళ్తుంది. నెల్లూరు చేరేదాకా ఆగితే పోయే కణాలు కొన్నైనా నిలబడతాయి. నేను రాసిన పేజీలు కళ్ళ ముందు కదిలాయి. పట్టీ చింపి మాత్ర తీశాను.

వదిన నా చేతిలో మాత్ర చూసింది. "అది గుండెకి గదా పాపా? నా మాత్ర ఆయనకెందుకు? ఎవురన్నా డాక్టరుని ఒకమాట అడిగి పెడదాం" అంది.

"నీకు తెలియదు, ఊరుకో వదినా" అన్నాను. పసరు పోయించబోయిన మనిషి నాకు మందుల గురించి చెప్పడమేమిటన్న అహంకారం ఆ మాటలో ఉంది. దాచుకోను.

"పాపకి తెలుసులే, పెట్టనీ" అన్నాడు అన్న. అని నోరు తెరిచాడు.

ఆ తర్వాత ఈనాటి దాకా ఆయన నోట మళ్ళీ ఒక పూర్తి వాక్యం రాలేదు.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట పట్టింది, తల వాలిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి జారి పక్కన వేలాడింది. "అన్నా, నేనెవర్ని? చెప్పు" అన్నాను. కళ్ళెత్తి నన్నే చూశాడు. పెదాలు కదిలాయి. మాట లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ముందు గుర్తు రావలసింది. ఎలకలకి ఆ మందు ఇచ్చేటప్పుడు బీపీ పడిపోకుండా నిమిషం నిమిషం చూసుకుంటూ, చుక్కలు చుక్కలుగా ఇచ్చేవాళ్ళం. పడిపోతుంటే ఆపేసేవాళ్ళం. మా అన్న బీపీ నేను అసలు చూడనే లేదు. మిషను అలమరలోనే ఉంది. గడ్డ అడ్డం పడ్డ నాళం ఆ మాత్రకి తెరుచుకోదు. మిగతా ఒళ్ళంతా తెరుచుకుంటుంది, బీపీ దిగిపోతుంది. కాలవలో నీటిమట్టం తగ్గితే ముందు ఎండేది చివరి మడి అని వరి పండించే ఇంట్లో పుట్టి నాకు తెలియదా? 

నోట్లో వేలు పెట్టి మిగిలిన మాత్ర తీసేశాను. అప్పటికి అది సగం కూడా లేదు. అక్కడే చదునుగా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను. ట్రాక్టరు తీసేశామని కాపలా మనిషి చెప్పాడు.

కారు అతనే నడిపాడు. వెనక సీట్లో అన్నని పడుకోబెట్టి, కాళ్ళు వదిన ఒళ్ళో పెట్టి, నేను సీటు కింది సందులో గొంతుక్కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి అందుతోంది, పోతోంది. గూడూరులో రోడ్డుకి అడ్డంగా లారీ తిప్పుకుంటున్నాడు ఒకడు. వాణ్ణి నేను తిట్టిన తిట్లు వదిన మునుపెన్నడూ విని ఉండదు. హైవే ఎక్కాక నాడి కాస్త కుదురుకుంది, మొహంలో రంగు తిరిగింది. మాట మాత్రం రాలేదు. వెంకటాచలం టోల్‌గేటు దగ్గర కాపలా మనిషి అద్దం దించి "పక్షవాతం కేసు" అని అరిస్తే పక్క దారి వదిలారు. దారి పొడుగునా వదిన నా వైపు చూడలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అని ఉండేదాన్ని, తేలికపడేదాన్ని.

పదకొండు ముప్పావుకి ఆసుపత్రిలో ఉన్నాం. నా కూతురి వయసు డాక్టరమ్మ గబగబా అడుగుతోంది. చివరిసారిగా బాగా ఉన్నది ఎప్పుడు? కాపలా మనిషి చెప్పాడు, మొదటి ట్రే జారింది తొమ్మిదిన్నరకి, అంతకు ముందు మేత చల్లేటప్పుడు బాగుండాడు అని. బీపీ, షుగరు ఉన్నాయా? బీపీ ఉంది, మాత్రలు మానేశాడు.

"ఇంటి దగ్గర ఏమన్నా మందు ఇచ్చారా?"

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా క్లాసులో వందమంది ముందు ఆగకుండా వాగే నోరు అది. పెగల్లేదు.

"నేనే పెట్టినానమ్మా" అంది వదిన. "నా గుండె మాత్ర. నాలిక కింద."

డాక్టరమ్మకి కోపం వచ్చింది. "ఎవరు పెట్టమన్నారమ్మా? ఈ జబ్బులో మొదట బీపీ కొంచెం ఎక్కువ ఉంటేనే మెదడుకి మంచిది. దాన్ని దబ్బున దించేస్తే బతికే భాగం కూడా పోతుంది. చెప్పడానికి పక్కన చదువుకున్నోళ్ళు ఒక్కరూ లేరా?" అంది. నా వైపు తిరిగి, "మీరేం చేస్తుంటారు మేడం?" అని అడిగింది.

"లెక్చరర్ని."

"ఏం సబ్జెక్టు?"

చెప్పాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, స్కానింగ్ గది వైపు వెళ్ళిపోయింది.

స్కానులో రక్తస్రావం లేదన్నారు. గడ్డ కరిగించే సూది వేయడానికి సంతకం కావాలన్నారు. అదే సమయానికి వదిన వాళ్ళన్న మళ్ళీ ఫోను. వదిన దాన్ని కట్టేసి, సంతకం పెట్టింది. సూది పడింది. మందు ఎక్కుతుంటే ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం.

"ఎందుకు చెప్పావు వదినా అట్లా?" అని అడిగాను.

"నీ చదువు గురించి ఆయన ఊళ్ళో ఎంత చెప్పుకున్నాడో నీకు తెలవదు" అంది. "ఇది తెలిస్తే ఆయన తలెత్తుకోలేడు. నాదేముండాది, నాకు చదువు లేదని అందరికీ తెలుసు." ఫోను సంచిలో పెట్టుకుని, "తర్వాత నువ్వే నిదానంగా చెప్పుకో" అంది.

చెప్పుకుంటానని తల ఊపాను.

అన్న బతికాడు. కాలు వచ్చింది, చిన్నగా నడుస్తాడు. చెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మాట్లాడించే ఆ చోటే ఎక్కువ దెబ్బతిన్నదని చెప్పారు. మాత్ర వల్ల ఎంత, గడ్డ వల్ల ఎంత అని డాక్టరమ్మని ఒంటరిగా అడిగాను. "చెప్పలేం. అంతా గడ్డ వల్లే అయి ఉండొచ్చు" అంది. ఆ "ఉండొచ్చు"ని పట్టుకుని నెలలు బతికాను నేను.

ఊళ్ళో కథ వేరేగా నడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అన్నని పలకరించి, తర్వాత వదిన వైపు చూసి నిట్టూర్చేవాళ్ళు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే అనేవాళ్ళు మంచివాళ్ళు. మొగుడి నోరు మూయించిందని వెనకాల అన్నవాళ్ళూ ఉన్నారు. వదిన అందరికీ కాఫీ ఇచ్చేది. నేను వచ్చే ఆదివారం చెబుదామనుకునేదాన్ని. ఆదివారం వచ్చేది, పోయేది. పరిస్థితి కుదుటపడనీ అనుకున్నాను, ఆయనకి కాస్త ఓపిక రానీ అనుకున్నాను. పిరికితనానికి సాకులకేం కరువు.

ఆదివారాలు నేను వెళ్ళేది అన్నతో మాటలు చెప్పించడానికి. స్పీచ్ థెరపీ ఆవిడ పద్ధతి నేర్పింది. వస్తువు చూపించాలి. మాట ఆయన మెదడులో ఉంటుంది గానీ నోటికి అందదు. మనం మొదటి చప్పుడు అందిస్తే దాన్ని పట్టుకుని మిగతాది లాక్కొస్తాడు. చెంబు చూపించి "చెం" అంటే "చెంబు" అనేవాడు. "గొ" అంటే "గొడుగు". ఏ మాటకి ఆగినా నా మొహంలోకి చూసేవాడు, నేను అందించేదాన్ని. అలా రోజుకి నాలుగు మాటలు వచ్చేవి. మర్నాటికి రెండు పోయేవి. 

ఆయనకి మాట రావాలని నేను మొక్కని దేవుడు లేడు. వస్తే ముందు ఏం చెప్తాడోనని భయపడని రోజూ లేదు. మాత్ర పెట్టినప్పుడు ఆయన స్పృహలోనే ఉన్నాడు, నోరు తెరిచింది ఆయనే. ఒక ఆదివారం ఎడమచెయ్యెత్తి ఫ్రిజ్ పైకి చూపించాడు. అక్కడ వదిన మాత్రల పట్టీ ఉంది. "ఫ్రి" అని అందించాను. కాదని తల ఊపాడు. మళ్ళీ పైకి చూపించాడు. నేను పక్కనున్న దువ్వెన తీసి చూపించాను. అన్న చాలాసేపు నన్ను చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఏడో నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, వదిన వాళ్ళన్న వచ్చాడు. భోజనాలప్పుడు అన్నకి ఎడమచేత్తో తినడం కష్టమైతే వదిన కలిపి పెడుతోంది. చూస్తూ చూస్తూ ఆయన మొదలుపెట్టాడు. "ఆ పొద్దు పసరుకి తీసకపోమ్మే అంటే ఇనలేదు. పైగా నీ మాత్ర తీసి ఆయన నోట్లో పెట్టినావు. నీ చేతులారా నువ్వే చేసుకున్నావు" అన్నాడు. వదిన ముద్ద కలుపుతూనే ఉంది.

అన్న ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టాడు.

"కా... కాదు."

ఎవరూ అందించకుండా వచ్చిన మాట అది.

"ఏంది కాదు బావా? మాత్ర పెట్టింది ఆమె కాదా?"

అన్న తల అడ్డంగా ఊపాడు.

"మరెవురు?"

అన్న నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. మాట అక్కడే ఉంది, రావడం లేదు. ఎప్పటిలాగే నా మొహంలోకి చూశాడు, మొదటి చప్పుడు కోసం. ఆ చూపులో కోపం లేదు. ఇంకో ఆదివారం, ఇంకో మాట, అందించమని అడగడమే ఉంది. నేనే అని అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చిన్న మాట, నాకు ఏ జబ్బూ లేదు. ఆయన కళ్ళు నా మీంచి కదల్లేదు.

"పా" అన్నాను.

"పాప" అన్నాడు అన్న.

ఆ తర్వాత మిగిలిందంతా నేనే చెప్పాను. వదిన వద్దన్న సంగతి, నేను కసిరిన సంగతి, ఆసుపత్రిలో నోరు పెగలని సంగతి. వదిన వాళ్ళన్న మంచినీళ్ళు తాగాడు. అన్న కళ్ళు మూసుకుని దిండుకి ఆనుకున్నాడు. వదిన కంచం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, పైటచెంగుతో అన్న మూతి తుడిచింది. నా వైపు తిరక్కుండానే అంది.

"ఏడు నెలలు చూసినా పాపా, నువ్వే చెప్తావని. మాట రాని మనిషి చేత చెప్పించినావే."